చెయ్యి తిరిగేదెట్లా?

*వజ్రాల చేలు, బంగారు గని, పత్తి బేళ్ళు, మగ్గం గుంత... తుగ్గలి నుంచి ఎమ్మిగనూరు దాకా పని నేర్చుకునేవాళ్ళ కథ*

రాత్రి తొలకరి కురిసి వెలిసిందంటే చాలు, తెల్లారేసరికి జొన్నగిరి చేలల్లో జనం దిగిపోతారు. నాగలి ఉండదు, విత్తనాల సంచి ఉండదు. చూపు నేల మీద పెట్టి, నడుం వంచి ఒక్కో అడుగే జరుగుతుంటారు. గట్ల మీద మోటార్ సైకిళ్ళు, వేపచెట్ల కింద సద్ది డబ్బాలు, కొమ్మకు చీరతో కట్టిన ఉయ్యాలలు. తుగ్గలి, మద్దికెర, పత్తికొండ పల్లెలవాళ్ళే కాదు, కర్ణాటక నుంచి, తెలంగాణ నుంచి కూడా వచ్చి గుళ్ళల్లో, చెట్ల కింద రోజులు గడిపేస్తారు. ఒక్క రాయి దొరికితే అప్పులు తీరి ఇల్లు లేస్తుందని ఆశ. కొనడానికి జొన్నగిరిలో, పెరవలిలో వ్యాపారులు కాచుకుని ఉంటారు.

ఆ జనంలో కొత్తవాళ్ళెవరో ఇట్టే తెలిసిపోతుంది. మెరిసిన ప్రతి రాయినీ ఏరి కొంగున కట్టుకుంటారు. పాతకాపులు అంత తొందరపడరు. ఎండ ఏటవాలుగా పడే వేళ చూసుకుని, వాన నీళ్ళు మలుపు తిరిగి కంకర దిగబడిన చోట కూచుంటారు. పక్కనున్న పిల్లోడికి "ఉరుకొద్దప్పా, ఈడే కూచో" అనడం తప్ప పాఠమేమీ చెప్పరు. వాడు రెండు మూడు వానకాలాలు పక్కన కూచుంటే చూపు దానంతటదే పదునెక్కుతుంది. ఇంత నేర్చుకున్నా వజ్రం దొరుకుతుందన్న పూచీ లేదు. నేర్చినవాడు ఉత్త చేతులతో పోతాడు, నిన్న బస్సు దిగినవాడికి లక్షల రాయి తగులుతుంది.

అదే తుగ్గలి మండలంలో ఇప్పుడు అదృష్టంతో సంబంధం లేని తవ్వకం ఒకటి మొదలైంది. రచ్చబండల దగ్గర మాటలన్నీ దాని చుట్టూనే.

గని వచ్చింది, పని వస్తుందా?

జొన్నగిరి, ఎర్రగుడి, పగిడిరాయి ఊళ్ళ మధ్య బంగారు గని. జియోమైసూర్ సర్వీసెస్ సంస్థది. అందులో దక్కన్ గోల్డ్ మైన్స్‌కు వాటా ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక ప్రైవేటు రంగంలో పెద్ద ఎత్తున వస్తున్న తొలి బంగారు గని ఇదేనని చెబుతున్నారు. పూర్తి స్థాయికి చేరితే ఏడాదికి 750 కిలోల దాకా బంగారం తీస్తామన్నది కంపెనీ లెక్క. 2001 ఫిబ్రవరి 28న కోలార్ గనులు మూతపడ్డాక దేశంలో చెప్పుకోదగ్గ బంగారమంతా రాయచూరు జిల్లా హట్టి నుంచే వస్తోంది. అలాంటిది ఇప్పుడు మన గడప ముందుకొచ్చింది.

ఊళ్ళో అడిగేది ఒకటే ప్రశ్న: మా పిల్లోళ్ళకు పని దొరుకుతుందా? ఎక్కడ ఫ్యాక్టరీ వచ్చినా దీనికొచ్చే జవాబూ ఒకటే: స్థానికులకు నైపుణ్యం లేదు. ఈ మాట అక్కడితో ఆగిపోతుంది. నైపుణ్యం ఎట్లా వస్తుంది, ఎవరు నేర్పాలి, నేర్చుకునే రోజుల్లో ఇంట్లో పొయ్యి ఎట్లా వెలగాలి అన్న మాట దాకా రాదు.

గనుల విషయంలో మాత్రం అక్కడి దాకా రాక తప్పదు. గని కార్మికుల వృత్తి శిక్షణకు 1966లోనే ప్రత్యేకంగా నిబంధనలు వచ్చాయి. శిక్షణ లేనిదే కార్మికుణ్ణి పనిలో దించకూడదు. కొన్నేళ్ళకోసారి మళ్ళీ శిక్షణ ఇవ్వాలి. నేర్చుకునే రోజులకూ డబ్బు ఇవ్వాలి. ప్రాణాలు పోయే చోట కాబట్టి చట్టం ఇంత గట్టిగా చెప్పింది. కానీ ఇందులో ప్రాణంతో పాటు లాభం కూడా ఉంది.

బంగారు గనిలో టన్ను రాయికి దక్కేది ఒకటి రెండు గ్రాములు. పేలుడు తర్వాత కుప్పపడిన రాయిలో ఏది మిల్లుకు పోవాలో, ఏది చెత్త దిబ్బకు పోవాలో కంటితో చూస్తే తెలియదు. భూగర్భ శాస్త్రవేత్తలు నమూనాలు పరీక్షించి, హద్దులు గీసి జెండాలు పాతుతారు. ఎక్స్‌కవేటర్ మీద కూచున్న కుర్రాడు ఆ గీత దాటి ఒక బకెట్ అటు తోడితే బంగారం చెత్తలో పడుతుంది, ఇటు తోడితే మిల్లు చెత్తను పొడి చేస్తూ కూచుంటుంది. ఆ గీత ఎందుకు గీశారో అతనికి విడమరిచి చెప్పడానికి ఒక పూట పడుతుంది. చెప్పకపోతే ఆ నష్టం రోజూ జరుగుతూనే ఉంటుంది, ఎవరి లెక్కలోకీ రాదు. డ్రైవింగ్ వస్తే చాలనుకునే మేనేజర్లు ఈ పూటను మిగుల్చుకుంటారు.

> ఏనుగుల కొండ మీద శిక్షణ ఉత్తర్వు
>
> ఉద్యోగులకు, వృత్తులవాళ్ళకు పని నేర్పమంటూ తుగ్గలి మండలంలో జారీ అయిన తొలి సర్కారు ఉత్తర్వుకు సుమారు 2,250 ఏళ్ళు. ఎర్రగుడి దగ్గర ఏనకొండ బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. 1929లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటపడ్డాయి. బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. చిన్న శిలాశాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి.
>
> రాజు మాటను రజ్జుకుడనే అధికారి భేరి మోగించి జనానికి చెప్పాలి. మావటీలు, కరణాలు, రథాల పని నేర్పేవాళ్ళు, బ్రాహ్మణులు తమ తమ శిష్యులకు పాత పద్ధతి తప్పకుండా నేర్పాలి. శిష్యుడు గురువును గౌరవించాలి. ఆ ఉత్తర్వు సారం ఇది. ఏనుగును మచ్చిక చేసేవాణ్ణి, కలం పట్టేవాణ్ణి ఒకే వరుసలో నిలబెట్టిన కాగితం ఇప్పటి సచివాలయాల్లో దొరకడం కష్టమే.

ఆదోని పత్తి చెప్పే నిజం

తుగ్గలి నుంచి ఆదోని వైపు పోతే పత్తి కనబడుతుంది. ఒకప్పుడు ఈ ఊరి వ్యాపారం చూసి రెండో బొంబాయి అన్నారు. జిన్నింగ్ మిల్లులు, నూనె మిల్లులు ఎన్నో మూతపడినా పత్తి సీజనులో మార్కెట్ యార్డు ముందు బండ్ల వరుస ఇప్పటికీ రోడ్డెక్కుతుంది.

శిక్షణ ఎందుకు పారదో తెలుసుకోవడానికి ఈ పత్తిని మించిన పాఠం లేదు. పత్తి ఎట్లా తీయాలో వ్యవసాయ శాఖ ఏళ్ళ తరబడి చెబుతూనే ఉంది. మంచు ఆరాక చేలో దిగాలి. కింది కాయలతో మొదలుపెట్టి పైకి పోవాలి. పైనుంచి వస్తే ఎండుటాకు రాలి కింది పత్తిలో కలుస్తుంది. తలకు గుడ్డ కట్టుకోవాలి, వెంట్రుక పడకూడదు. నూలు సంచి వాడాలి. యూరియా సంచి వాడితే ప్లాస్టిక్ పోగు ఊడి పత్తిలో పడుతుంది, మిల్లులో ఎంత దులిపినా అది పోదు, చివరికి బట్టలో తేలుతుంది. తేమ 8 శాతం దాటితే భారత పత్తి సంస్థ ధర కోస్తుంది, 12 దాటితే కొనదు.

ఇవన్నీ కూలికి పోయే ఆడవాళ్ళకు తెలుసు. అడిగితే మనకే వరస తప్పకుండా చెబుతారు. అయినా చేలో పొద్దున్నే దిగుతారు, చేతికందింది లాగేస్తారు, యూరియా సంచిలోనే కూరుతారు. ఎందుకంటే కూలి కిలో లెక్కన. మంచుతో తడిసిన పత్తి బరువు తూగుతుంది. ఆకు కూడా ఎంతో కొంత తూగుతుంది. ఆకు ఏరుతూ కూచున్న మనిషికి సాయంత్రానికి నాలుగు కిలోలు తగ్గుతాయి. నూలు సంచి ఎవరూ కొనివ్వరు. ఎండిన పత్తికి యార్డులో దక్కే ఎక్కువ ధర రైతు జేబులోకి పోతుంది, ఆమె దాకా రాదు.

ఇక్కడ మరో శిక్షణ శిబిరం పెట్టి, షామియానా వేసి, బిస్కెట్ పొట్లాలు పంచి ఏం లాభం? లోపం తెలివిలో లేదు, తూకంలో ఉంది. శుభ్రమైన పత్తికి కిలోకు ఒకట్రెండు రూపాయలు ఎక్కువ ఇచ్చి, ఒక గుడ్డ సంచి చేతికిస్తే పాత పాఠమే పనికొస్తుంది. "మా వాళ్ళకు ఎంత చెప్పినా ఎక్కదు" అనే యజమాని ప్రతి ఒక్కరూ ముందు తాను దేనికి డబ్బిస్తున్నాడో చూసుకోవాలి. మాట నాణ్యత గురించీ, డబ్బు బరువుకూ అయితే మనిషి డబ్బు చెప్పిందే వింటాడు.

మిల్లు లోపల కథ వేరు. 2013లో అచ్చయిన ఒక పరిశోధన ముంబయి చుట్టుపక్కల బట్టల మిల్లుల్లో జరిగింది. నికొలస్ బ్లూమ్, సహచరులు కొన్ని మిల్లులకు ఉచితంగా సలహాదారులను పంపారు. వాళ్ళు చెప్పినవి కొత్త యంత్రాల గురించి కావు. నేల మీద చెత్త ఊడ్చడం, నూలు నిల్వలకు చీటీలు కట్టడం, ఏ మగ్గం ఎందుకు ఆగిందో రోజూ పుస్తకంలో రాయడం, చెడిపోయాక కాకుండా ముందే బాగుచేయడం. తొలి ఏడాదే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. గమనించాల్సింది ఏమిటంటే, అక్కడ ప్రధానంగా పాఠం చెప్పించుకున్నది మగ్గం దగ్గరి కూలీ కాదు, కుర్చీలో కూచున్న యజమాని, సూపర్‌వైజరు.

మగ్గం గుంతలో ఎన్ని మెట్లు!

ఎమ్మిగనూరులో నేర్పడమన్నది ఇంటి పని. 1938లో మాచాని సోమప్ప ఇక్కడ చేనేత సహకార సంఘం నిలబెట్టారు. నూలు సంఘం ఇస్తుంది, నేసిన బట్ట సంఘం తీసుకుంటుంది, కూలి నేతగాడి చేతికి వస్తుంది. షావుకారు అప్పుల్లో కూరుకున్న ఇళ్ళకు అది ఊపిరి. సోమప్పకు 1954లో పద్మశ్రీ వచ్చింది. తువ్వాళ్ళు, దుప్పట్లతో ఎమ్మిగనూరు పేరు చాలా దూరం పోయింది.

ఆ మగ్గాల మీదికి మనిషి ఎట్లా వచ్చేవాడో చూడండి. ముందు రాట్నం దగ్గర కూచుని కండెలు చుట్టాలి. నూలు బిగువు వేళ్ళకు తెలిసేది అక్కడే: ఎక్కువ లాగితే తెగుతుంది, వదులైతే నాడెలో చిక్కుపడుతుంది. తర్వాత ఆసు పోయడం, పోగులు లెక్క తప్పకుండా. ఆ తర్వాత తెగిన పడుగు పోగు అతకడం. అతుకు పన్నె పళ్ళ మధ్య నుంచి జారిపోవాలి, ముడి తగలకూడదు. ఇది వచ్చినవాడికే పెద్దాయన పక్కకు జరిగి గుంతలో చోటిచ్చేది. అదీ మొదట గళ్ళు లేని, అంచు లేని బట్ట మీద, జానెడో మూరెడో. పాడైతే విప్పి మళ్ళీ నేయించేవాళ్ళు. ఎక్కడా గంట కొట్టి పాఠం మొదలుపెట్టింది లేదు. కానీ ఏ మెట్టు దాటనిదే పై మెట్టు ఎక్కనిచ్చిందీ లేదు.

ఈ ఇంటి చదువును మరీ ఆకాశానికెత్తడం నాకిష్టం లేదు. కండెలు చుట్టిన వేళ్ళలో బడికి పోవాల్సిన పిల్లల వేళ్ళున్నాయి. ఇల్లాలి శ్రమకు విడిగా కూలి ఉండేది కాదు. కులం గీసిన గీత దాటి బయటివాడు గుంతలో దిగడం అరుదు. అయితే నేర్పే వరస మాత్రం ఏ కంపెనీ శిక్షణ విభాగమైనా వచ్చి చూసుకోదగ్గది. చిన్న పని, వెంటనే చెయ్యడం, పక్కనే తప్పు దిద్దే మనిషి, తప్పుకు తిట్టుతో పాటు మరో అవకాశం. చాలా ఆఫీసుల్లో జరిగేది దీనికి తలకిందులు. మొదటి రోజే నూట పాతిక స్లైడ్లు చూపించి, సంతకం పెట్టించుకుని, మర్నాడు నేరుగా మగ్గం ఎక్కించేస్తారు.

> యుద్ధం నేర్పిన నాలుగు మెట్లు
>
> రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా మగవాళ్ళు సైన్యానికి పోయారు. ఫ్యాక్టరీలు నడపడానికి, ఎన్నడూ స్పానర్ పట్టనివాళ్ళకు వారాల్లో పని నేర్పాల్సి వచ్చింది. ఇందుకోసం 1940లో మొదలైన కార్యక్రమం కూలీలకన్నా ముందు మేస్త్రీలకు నేర్పింది: ఎట్లా నేర్పాలో. మెట్లు నాలుగే. ముందు మనిషి బెరుకు పోగొట్టి, వాడికి ఏం తెలుసో కనుక్కో. పని ముక్కలుగా చేసి చూపించు, ఎందుకో చెప్పు. వాడితో చేయించు, చేస్తూ నోటితో చెప్పమను. వదిలేసి, అప్పుడప్పుడూ వచ్చి చూడు. నేర్చుకునేవాడికి రాలేదంటే తప్పు నేర్పినవాడిదే అన్నది దాని పునాది సూత్రం. యుద్ధం ముగిశాక ఇది జపాన్ చేరింది, టొయోటా కర్మాగారాల్లో స్థిరపడింది.

లాభం ఎవరి జేబులోకి?

సీమ పల్లెల ఆడపిల్లలు బెంగళూరు గార్మెంట్స్‌కు పోవడం కొత్త కాదు. ఆ నగరంలోనే షాహీ ఎక్స్‌పోర్ట్స్ కుట్టు ఫ్యాక్టరీల్లో జరిగిన ఒక ప్రయోగం ఈ రంగంలో బాగా చర్చకు వచ్చింది. ఆడవాళ్ళకు దాదాపు 80 గంటల శిక్షణ ఇచ్చారు. కుట్టు కాదు. సూపర్‌వైజరుతో బెదరకుండా మాట్లాడటం, సమయం సర్దుకోవడం, డబ్బు లెక్క చూసుకోవడం, చిక్కు వచ్చినప్పుడు ఎవరిని అడగాలో తెలుసుకోవడం. పేర్లు ఎక్కువ రావడంతో లాటరీ తీసి కొందరికి ఇచ్చి, కొందరిని ఆపారు. అందుకే తేడా తేటగా తెలిసింది.

అచ్యుత అధ్వర్యు, నమ్రత కాలా, అనంత్ న్యషధం ఆ లెక్కలు కట్టారు. శిక్షణ పొందిన ఆడవాళ్ళ పనితనం పెరిగింది. వాళ్ళ వరుసలోనే కూచుని, శిక్షణ పొందని వాళ్ళ పనితనం కూడా పెరిగింది. కుట్టు వరుసలో ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోయే ముక్క కదా, ఒకచోట ఆగకపోతే అందరికీ సాగుతుంది. శిక్షణ ముగిసిన 8 నెలలకు కంపెనీకి పెట్టిన డబ్బు మీద 250 శాతం రాబడి లెక్క తేలింది.

ఆ ఆడవాళ్ళ జీతం మాత్రం నామమాత్రంగానే పెరిగింది. ఈ వాక్యాన్ని చాలామంది శిక్షణ నిపుణులు చదివీ చదవనట్టు దాటేస్తారు. జొన్నగిరిలోనైనా, ఆదోనిలోనైనా నేర్చుకున్నవాడికి కూలి ఒక మెట్టు పెరగకపోతే వాడు ఆ నేర్పును బస్సెక్కించి బళ్ళారి తీసుకుపోతాడు. అప్పుడు "నేర్పిస్తే వెళ్ళిపోతారు, ఎందుకు నేర్పాలి" అని యజమాని వాపోతాడు. వాళ్ళు ఆయన నేర్పినందుకు పోలేదు, నేర్చినదానికి ఆయన విలువ కట్టనందుకు పోయారు.

మార్కింగ్ ఇచ్చిన పొద్దున

ఉత్పాదకత అనేమాట ఎన్నడూ విననివాళ్ళు దాని మీదే కూలి తీసుకునే చోటు ఒకటుంది. ఉపాధి హామీ పని. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌కు ప్రకటించిన కూలి రోజుకు 307 రూపాయలు. అది వచ్చినట్టే అనుకుంటే పొరపాటు. తవ్వింది కొలిచి కడతారు. జట్టు తక్కువ తవ్వితే కూలి తగ్గుతుంది.

తుగ్గలి గట్టి గరుసు నేలలో ఏప్రిల్ ఎండలో గడారి దించితే చేతులు జిల్లుమంటాయి. అక్కడ జట్టు కూలిని తేల్చేది చెమట ఒక్కటే కాదు, జట్టుకు పని కొలిచి చూపించే మేట్ చదువు కూడా. పొద్దున్నే దారం పట్టి, సున్నంతో గీత గీసి, మీ జట్టుకు ఈ పొడవు, ఈ వెడల్పు, ఈ లోతు అని చూపించిన చోట ఎండ ముదరకముందే పని అయిపోతుంది, కూలీ నిండుగా వస్తుంది. మార్కింగ్ లేని చోట అందరూ తోచిన కాడ తవ్వుతారు. మధ్యాహ్నం దాకా కష్టపడ్డా కొలతల నాడు గుంత వంకరగా తేలుతుంది. మెత్తటి నేలకూ గరుసు నేలకూ రేటు వేరు. ఏ నేలో సరిగ్గా రాయించుకోలేని మేట్ ఉంటే జట్టుకు నష్టమే. అదే మనుషులు, అవే చలికెలు, అదే ఎండ.

మేట్‌గా పనిచేసే ఆడపిల్లకు టేపు పట్టడం, ఘనపరిమాణం కట్టడం నేర్పడానికి రెండు రోజులు చాలు. అది గుంత దగ్గర నేర్పాలి. మండల ఆఫీసు హాల్లో పంకా కింద చెబితే తల ఊపి వస్తుంది. ఫోన్‌లో రోజూ రెండు ఫొటోల హాజరు పెట్టడం మాత్రం బాగా నేర్పారు. 2023 జనవరి నుంచి అది తప్పనిసరి కదా.

సర్టిఫికెట్ల గోడ

మన దగ్గర నైపుణ్య పథకాలకు కరువు లేదు. రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ, కేంద్రం కౌశల్ వికాస్, గ్రామీణ యువతకు దీనదయాళ్ పేరుతో మరొకటి. వీటిలో ఎక్కువభాగం లెక్క పెట్టేది ఎంతమంది కూచున్నారు, ఎంతమందికి కాగితం ఇచ్చామన్నది. ఆరు నెలల తర్వాత ఆ చెయ్యి ఏం చేస్తోందన్నది తర్వాతి మాట.

2023 సెప్టెంబరులో వచ్చిన విశ్వకర్మ పథకంలో నాకు నచ్చింది ఒకటుంది. ప్రాథమిక శిక్షణ జరిగే అయిదు నుంచి ఏడు రోజులకు రోజుకు 500 రూపాయల భృతి, ఆపైన పనిముట్లకు 15 వేల దాకా. కమ్మరి, కుమ్మరి, తాపీ మేస్త్రీ, దర్జీ వంటి 18 వృత్తులకు వర్తిస్తుంది. నేర్చుకునే రోజు కూడా కూలి పోయే రోజేనని సర్కారు ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఎమ్మిగనూరు నేతగాడు మాత్రం ఆ 18లో లేడు. వాళ్ళకు జౌళి శాఖ పథకాలు వేరే ఉన్నాయంటారు.

సుగ్గి లెక్కన క్యాలెండర్

ఇక అసలు చిక్కు తేదీలది. పశ్చిమ కర్నూలులో ఏడాది జనవరితో మొదలుకాదు. జూన్, జులైలో విత్తనం. వానలు మొహం చాటేస్తే దసరా, దీపావళి దాటాక ఊళ్ళు ఖాళీ. కోసిగి, ఆదోని, ఆస్పరి, పత్తికొండ వైపు నుంచి కుటుంబాలు కుటుంబాలుగా గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరప కోయడానికి సుగ్గికి పోతాయి. ముసలివాళ్ళు ఇంటి దగ్గర, పిల్లలు కొందరు తల్లిదండ్రుల వెంట. మళ్ళీ ఉగాది అటూ ఇటుగా తిరిగొస్తారు. రాగానే ఉపాధి పనులు.

సర్కారు ఏడాది మార్చి 31తో ముగుస్తుంది. లక్ష్యాలు పూర్తి చేయాలన్న హడావిడి జనవరి నుంచి మార్చి మధ్య పడుతుంది. సరిగ్గా అప్పుడే నేర్చుకోవాల్సిన చేతులు మిరప చేలల్లో ఉంటాయి. పేర్లు రాసుకోవడానికి వచ్చినవాళ్ళకు అరుగు మీద అవ్వలు కనబడతారు. "యువత ముందుకు రావడం లేదు" అని నివేదిక పోతుంది. మధ్యలో వచ్చి చేరినవాడు, సుగ్గికి కూలీలను తీసుకుపోయే ముఠా మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీర్చడానికి మళ్ళీ పోతే హాజరు తగ్గిందని పేరు కొట్టేస్తారు.

కలుపు తీతలు అయిపోయి, పత్తి ఇంకా పగలని ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఊరు ఊళ్ళోనే ఉంటుంది. జొన్నగిరి గనిలో చేరాల్సినవాళ్ళకైనా, ఆదోని మిల్లుల్లో అప్రెంటిస్‌గా పోయేవాళ్ళకైనా, మగ్గం గుంతలో దిగదలచిన బయటి కులం పిల్లకైనా నోటీసు ఆ నెలల్లో పంచాయతీ గోడ మీద పడాలి. ఎన్ని రోజులు, ఎవరు నేర్పుతారు, రోజుకు ఎంత ఇస్తారు, అయ్యాక కూలి ఎంత పెరుగుతుంది అన్నవి దాని మీదే రాసి ఉండాలి. ముఠా మేస్త్రీ అడ్వాన్సు డబ్బుతో ఊళ్ళోకి వచ్చేది దసరాకు ముందే.